సున్నాకి రెండర్థాలు

సప్లై చెయిన్ అన్నమాటకి "సరఫరా గొలుసు" అని పత్రికలవాళ్ళు రాస్తారు గానీ, ఇంట్లో ఎవరూ ఆ మాట వాడగా నేను వినలేదు. నా ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "కొట్లకి సరుకులు పంపించే కంప్యూటరు పని" అని చెప్పేది. పాతికేళ్ళుగా అమెరికాలో ఇదే పని చేస్తున్నాను, అంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. ఏ సరుకు, ఏ కొట్టుకి, ఎంత, ఎప్పుడు? ఈ నాలుగు ప్రశ్నలే మా వృత్తి. ఒకప్పుడు వీటికి జవాబు గోదాములో తల పండిన మనిషి ఒకాయన చెప్పేవాడు. తర్వాత స్ప్రెడ్‌షీట్లు చెప్పాయి. ఇప్పుడు కృత్రిమ మేధ చెబుతోంది. రేపు క్వాంటం కంప్యూటర్లు చెబుతాయంటున్నారు. లారీ ఏ దారిన పోతే ఖర్చు తగ్గుతుందన్న లెక్కకి వాటిని ఇప్పటికే ప్రయోగించి చూస్తున్నారు కూడా. వాటి సంగతి అవి వచ్చాక చూసుకోవచ్చు.

నన్ను చాలాకాలంగా కుదురుగా ఉండనివ్వనిది వీటన్నిటికంటే పాతది. అది ఒక సున్నా.

కొంచెం వివరంగా చెబుతాను. 2020లో ఎం-5 అనే పోటీ ఒకటి జరిగింది. మక్రిడాకిస్ అనే గ్రీకు ఆచార్యుడి పేరు మీద 1982 నుంచి జరుగుతున్న అంచనాల పోటీల్లో అది ఐదోది. వాల్‌మార్ట్ తన అమ్మకాల లెక్కలు ఇచ్చింది. కాలిఫోర్నియా, టెక్సస్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో 10 కొట్లు, 3,049 రకాల వస్తువులు, ఐదేళ్ళకి పైగా రోజువారీ అమ్మకాలు. గుణిస్తే 30,490 వరుసల అంకెలు. రాబోయే 28 రోజుల్లో ఏది ఎంత అమ్ముడుపోతుందో చెప్పాలి. వేలమంది పాల్గొన్నారు. పాత పోటీల్లో సాదాసీదా గణాంక పద్ధతులు పెద్ద పెద్ద యంత్రాలతో సరితూగేవి. ఈసారి మాత్రం సొంతంగా నేర్చుకునే యంత్రాలే పైచేయి సాధించాయి. మా రంగంలో అదొక మలుపు, సందేహం లేదు.

ఆ అంకెల పట్టిక తెరిచి చూస్తే ముందు కంటికి కనిపించేవి సున్నాలు. ఫలానా కొట్టులో, ఫలానా రోజున, ఫలానా వస్తువు ఎన్ని అమ్ముడుపోయాయి? సున్నా. మర్నాడు? సున్నా. ఆ మర్నాడు మూడు. మళ్ళీ సున్నా. ఈ సున్నాకి అర్థమేమిటి? ఆ రోజు ఆ వస్తువు ఎవరికీ అక్కర్లేకపోయిందన్నది ఒక అర్థం. పదిమంది వచ్చి, అరలో సరుకు లేక, ఉత్త చేతుల్తో తిరిగి వెళ్ళిపోయారన్నది రెండో అర్థం. ఈ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. పట్టికలో మాత్రం రెండూ ఒకే గుర్తు. ఆ రోజు అరలో సరుకుందో లేదో చెప్పే గడి ఆ పోటీ పట్టికలో లేదు.

దీనికి మా రంగంలో పేరుంది. సెన్సారైన గిరాకీ అంటారు. కత్తెర పడిన సీను సినిమాలో ఎలా కనబడదో, తిరిగి వెళ్ళిపోయిన మనిషి లెక్కలో అలాగే కనబడడు. సవరించే పద్ధతులు లేకపోలేదు. గోదాములో నిలవ లెక్క సరిగ్గా ఉంటే, ఖాళీగా ఉన్న రోజుల్ని వేరుచేసి, ఉంటే ఎంత అమ్మేదో ఊహించవచ్చు. మంచి కంపెనీలు ఆ పని చేస్తాయి. చెయ్యని కంపెనీల్లో ఏమవుతుందంటే, లేక అమ్మకపోతే యంత్రం అక్కర్లేదేమో అనుకుని తక్కువ తెప్పిస్తుంది. తక్కువ తెప్పిస్తే ఇంకా త్వరగా అయిపోతుంది. కొన్నాళ్ళకి ఆ వస్తువే జాబితాలోంచి పోతుంది. ఎవరూ తీసెయ్యమని చెప్పలేదు.

అదే పట్టికలో ఇంకో విశేషం ఉంది. ప్రతి తేదీ పక్కనా, ఆ రోజు ఆ రాష్ట్రంలో ఫుడ్ స్టాంపులతో కొనే వీలుందా లేదా అన్న గుర్తు వేసి ఉంటుంది. పేదవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే తిండి సహాయం ఆ రోజుల్లో చేతికందుతుంది. అవన్నీ నెలలో మొదటి సగంలోనే వస్తాయి. ఆ గుర్తు ఇస్తే యంత్రం అంచనా మెరుగవుతుంది, ఎందుకంటే ఆ రోజుల్లో తిండి సరుకులు ఎక్కువ కదులుతాయి. లెక్కగా చూస్తే నిక్షేపమైన విషయమే. కానీ యంత్రం నేర్చుకున్న పాఠమేమిటి? నెల మొదట్లో జనానికి ఆకలి ఎక్కువనీ, ఇరవై ఐదో తారీకుకి తగ్గిపోతుందనీ. గిరాకీ అంటే చేతిలో డబ్బున్న అవసరం. డబ్బులేని అవసరానికి మా పట్టికలో గడి లేదు. అది సున్నా కూడా కాదు, అసలు నమోదే కాదు.

ఇది యంత్రాలతో పుట్టిన జబ్బు అనుకోవద్దు. అయితే పాత పద్ధతిలో ఒక్క సదుపాయం ఉండేది. కోనసీమలో మా ఊరి కిరాణా కొట్టు ఆయన "లేదండీ, ఎల్లుండి లారీ వస్తుంది" అని ప్రతి మనిషి మొహం చూసి తనే చెప్పవలసి వచ్చేది. ఎవరికి లేదన్నాడో ఆయనకి తెలుసు. ఆయన దగ్గర ఖాతా పుస్తకం ఉండేది. డబ్బులేని అవసరాన్ని కూడా రాసిపెట్టుకున్న పట్టిక ఏదైనా ఉందంటే అదే. నూలు దారంతో కట్టిన ఆ పొడుగు పుస్తకంలో ఎవరింట్లో ఏ నెలలో నూనె నిండుకుందో, ఎవరు బెల్లం మానేశారో ఉండేది.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. చక్కెరకి కొరత వచ్చినప్పుడు బస్తాలు వెనకగదిలోకి వెళ్ళిపోయేవి. ఎవరికి అరువివ్వాలో, ఎవరు అరుగు ఎక్కాలో, ఎవరు కింద నిలబడి అడగాలో ఆయనకి కచ్చితమైన అభిప్రాయాలుండేవి. యంత్రానికి కులం తెలియదు కదా, ఆ మేరకు నయమే కదా అని నా మిత్రులు వాదిస్తారు. నేనూ చాలాకాలం అలాగే సంతోషించాను. 2016లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ ఒక పటం వేసి చూపించింది. అమెజాన్ అదే రోజు సరుకు అందించే సేవ బాస్టన్ నగరమంతా ఉంది, మధ్యలో రాక్స్‌బరీ అనే పేటకి తప్ప. చుట్టుపక్కల అన్ని పేటలకీ బళ్ళు వెళుతున్నాయి. రాక్స్‌బరీలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. తాము జాతి వివరాలు అసలు చూడలేదని కంపెనీ అంది. అది నిజమే అయివుంటుంది. ప్రైమ్ చందాదారులు ఎక్కడ ఎక్కువున్నారు, గోదాము ఎంత దూరం, ఇలాంటివే చూశారు. విమర్శ వచ్చాక ఆ పేటకీ సేవ మొదలుపెట్టారు. పాతకాలపు అన్యాయం వల్ల ఎవరు తక్కువ కొంటున్నారో, ఆ తక్కువ కొనడాన్నే కొలతగా పెట్టుకుంటే, కులం తెలియని యంత్రం కూడా అరుగు కిందే నిలబెడుతుంది. మా కొట్టాయన్ని కనీసం తిట్టుకోవడానికి వీలుండేది.

సరే, లోపం లెక్కలోనే ఉంటే లెక్క బాగుచేస్తే పోదా అని మీరడగవచ్చు. సున్నాలన్నిటికీ సరైన అర్థం తెలిసిపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా ఒక అంకె మిగిలిపోతుంది. ఆ అంకె యంత్రం కనిపెట్టేది కాదు. మనిషి రాసి ఇవ్వవలసిందే.

దీన్ని మా పాఠ్యపుస్తకాల్లో పేపరు కుర్రాడి లెక్క అంటారు. ఒక కుర్రాడు పొద్దున్నే పేపర్లు 3 రూపాయలకి కొని 5 రూపాయలకి అమ్ముతాడు. సాయంత్రానికి మిగిలినవి చిత్తుకాగితాలు. పేపరు మిగిలితే 3 రూపాయలు నష్టం. చాలకపోతే, రావలసిన 2 రూపాయల లాభం పోతుంది. ఎన్ని కొనాలి? రెండుని, రెండూ మూడూ కలిపిన ఐదుతో భాగించండి, 0.4 వస్తుంది. అంటే వందలో 40 రోజులు సరిపోయేటన్ని కొనడం అతనికి ఉత్తమం. మిగతా 60 రోజులు ఎవరో ఒకరు పేపరు దొరక్క తిరిగి వెళతారు. అలా వెళ్ళడమే సరైన లెక్క. లోపం వల్ల వెళ్ళడంలేదు, లెక్క సరిగ్గా చేసినందువల్ల వెళుతున్నారు. ఎంత తెలివైన యంత్రం తెచ్చినా ఆ 60 మారదు. ఎందుకంటే అది 3 నుంచీ 2 నుంచీ వచ్చింది. లేమి ఖరీదు 2 రూపాయలని ఎవరో రాశారు. ఎవరికి నష్టమైన 2 రూపాయలు? కుర్రాడికి. తిరిగి వెళ్ళినవాడికి ఎంత నష్టమో ఆ లెక్కలో లేదు.

పేపరు దొరక్కపోతే కొంపలేమీ మునగవు. ఇదే సూత్రంతో ఇన్సులిన్ తెప్పిస్తాం, పసిపిల్లల పాలపొడి తెప్పిస్తాం. 2022 ఫిబ్రవరిలో మిషిగన్‌లోని ఒక్క కర్మాగారం ఆగేసరికి అమెరికా అంతటా తల్లులు పాలపొడి డబ్బాకోసం ఊళ్ళుపట్టుకు తిరిగారు. ఇంత పెద్ద దేశానికి ఆ సరుకు చేసేవి మూడు నాలుగు కంపెనీలే కావడం అంతకుముందు రోజుదాకా పొదుపుగానే కనిపించింది.

మిగులుకీ లేమికీ మధ్య ఈ తేడా ఎంత లోతైనదో చెప్పడానికి మన సీమ కథే ఒకటుంది. 1873-74లో బీహారు, బెంగాలు ప్రాంతంలో కరువొచ్చింది. అక్కడ సహాయ కార్యక్రమం నడిపిన రిచర్డ్ టెంపుల్ అనే దొర బర్మానుంచి నాలుగున్నర లక్షల టన్నులకు పైగా బియ్యం తెప్పించి పంచాడు. (తర్వాతి దశాబ్దాల్లో రంగూన్ బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చినవాళ్ళలో కోరంగి రేవునుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో. వలస మనకి కొత్త కాదు.) ఆ కరువులో చనిపోయినవాళ్ళు బహు తక్కువ. చివర్లో సుమారు లక్ష టన్నులు మిగిలిపోయాయి. మిగిలింది కనబడుతుంది, తూచవచ్చు, ఎంత నష్టానికి అమ్మారో లెక్కరాయవచ్చు. దుబారా అని లండన్‌లో దుమ్మెత్తిపోశారు. చావనివాళ్ళని ఎవరు లెక్కపెడతారు?

మూడేళ్ళు తిరిగేసరికి మద్రాసు ప్రెసిడెన్సీలో ధాత నామ సంవత్సరపు కరువు పడింది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. 1877 జనవరిలో అదే టెంపుల్‌ని పంపించారు. ఈసారి ఆయన పాఠం నేర్చుకుని వచ్చాడు. కరువు పనిలో మట్టిమోసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యానికి సరిపడే డబ్బు, పైన ఒక అణా, అంతే కూలి అన్నాడు. మన లెక్కలో అరకిలో కూడా కాదు. మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న కోర్నిష్ అనే వైద్యుడు ఇది మనిషి బతకడానికి చాలదని కాగితాలమీద పోట్లాడాడు. కొన్ని నెలల తర్వాత ఆ కూలి పెంచారు. 1876-78 మధ్య బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే సుమారు 55 లక్షలమంది చనిపోయారని అంచనా.

ఆనాటి కొత్త సాంకేతికత రైలు, తంతి. అవి వస్తే కరువులుండవని నమ్మినవాళ్ళున్నారు. ధాన్యం ఉన్నచోటునుంచి లేనిచోటికి ఇట్టే వెళుతుంది కదా! మైక్ డేవిస్ అనే చరిత్రకారుడు 2001లో ప్రచురించిన పుస్తకంలో జరిగింది వేరు అంటాడు. కరువు సీమల్లోంచే ధాన్యాన్ని రైళ్ళమీద పెద్ద గోదాములకి తరలించి వర్తకులు దాచుకున్నారనీ, తంతి పుణ్యమా అని ఊరూరా ధరలు ఒక్కసారే పెరిగాయనీ. తంతి అబద్ధం చెప్పలేదు. ధర ఎక్కడెంతో కచ్చితంగా, క్షణాలమీద చెప్పింది. ఎవరి చేతిలో ధర లేదో చెప్పమని దాన్ని ఎవరూ అడగలేదు. 1943 బెంగాల్ కరువు గురించి అమర్త్యసేన్ 1981లో రాసిన పుస్తకం సారాంశం కూడా ఇదే దారిలో ఉంటుంది: తిండి లేకపోవడం వేరు, తిండి కొనుక్కునే స్థోమత లేకపోవడం వేరు.

టెంపుల్ దుర్మార్గుడని తేల్చేస్తే కథ సులువుగా ముగుస్తుంది. నాకు మాత్రం ఆయన మంచి యంత్రంలా కనిపిస్తాడు. మొదటిసారి మిగులుకి శిక్షపడింది. రెండోసారి మిగలకుండా చూశాడు. ఏ తప్పుకి ఎంత శిక్షో పైవాళ్ళు రాసి ఇచ్చారు, ఆయన ఆ అంకెని బట్టి నేర్చుకున్నాడు. మేము యంత్రాలకి నేర్పే పద్ధతి అచ్చంగా ఇదే. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు అమెరికా జాతీయ నిలవలోంచి ఎన్-95 మాస్కులు కోట్లకొద్దీ తీసి పంచారు, తర్వాత ఆ మేరకు నింపలేదు. వాడకుండా పడున్న మాస్కులు బడ్జెట్ కాగితంలో కనబడే ఖర్చు. 2020 వసంతంలో నర్సులు ఒకే మాస్కుని రోజుల తరబడి పెట్టుకోవడం ఆ కాగితంలో లేదు.

ఇక మన సంగతి. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. వార్త వచ్చిన మర్నాటికి అమెరికాలో తెలుగువాళ్ళున్న ప్రతి ఊళ్ళో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. సోనామసూరి సంచులకోసం కొట్లు తెరవకముందే వరసలు. ఒక్కొక్కళ్ళు పదేసి సంచులు బండిలో వేసుకుపోవడం. ధరలు ఎగబాకడం, కుటుంబానికి ఒక్కటే సంచి అని అట్టముక్కలమీద రాసి అంటించడం. ఆ వారాంతంలో మన వాళ్ళెవరూ మామూలుకంటే ఒక్క ముద్ద ఎక్కువ తినలేదు. అవసరం అంతే ఉంది, గిరాకీ మాత్రం ఆకాశానికెళ్ళింది. మా రంగంలో దీన్ని కొరడా దెబ్బ అంటారు. హౌ లీ అనే స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడూ ఆయన సహచరులూ 1997లో రాసిన వ్యాసంలో పసిపిల్లల డైపర్ల ఉదాహరణ ఇచ్చారు. పిల్లలు వారం వారం ఒకేలా తడుపుతారు, కానీ కొట్టునుంచి కంపెనీకి, కంపెనీనుంచి దూదిచ్చేవాళ్ళకి వెళ్ళేసరికి ఆర్డర్లు కొరడా చివరలాగా ఊగిపోతాయి.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఇండియన్ కొట్టు యజమాని కరీంనగర్ వైపు మనిషి. మంగళవారం నేను కూరలకని వెళితే అరలన్నీ బోసిగా ఉన్నాయి. "మొన్నటి సంది ఎంతమందికి లేదన్ననో నాకెరుకనే అన్నా" అన్నాడు. డిస్ట్రిబ్యూటరు ఇచ్చిన ట్యాబ్లెట్ తీసి చూపించాడు. "గీ డబ్బాల మాత్రం నిన్న బియ్యం అమ్మకం సున్న. రేపటికి ఏం తెప్పియ్యాల్నో గిదే చెప్తదట." వెనకగదిలో ఎనిమిది సంచులు పక్కన పెట్టానని చెప్పాడు. చూడ్డానికి వచ్చిన ముసలి తల్లిదండ్రులున్న ఇళ్ళు, ఒకే గదిలో నలుగురైదుగురుండే విద్యార్థులు, వీళ్ళకోసమట. అది న్యాయమా? ఆయన ఎరిగినవాళ్ళకి దొరికింది, ఎరగనివాళ్ళకి దొరకలేదు. న్యాయం కాదనే నా అభిప్రాయం. కానీ ఆయన పెట్టుకున్న ప్రశ్న సరైనది. ఎవరికి లేకపోతే ఎక్కువ కష్టం?

ఆ ప్రశ్నని ఇంకాస్త దూరం తీసుకెళితే మన వరసలు కూడా చిన్నవైపోతాయి. ప్రపంచంలో ఎగుమతయ్యే బియ్యంలో సుమారు 40 శాతం భారతదేశానిదే. పశ్చిమాఫ్రికాలో బెనిన్ లాంటి దేశాలు ఆ బియ్యంమీద ఆధారపడతాయి. మనకి సోనామసూరి లేకపోతే టెక్సస్‌లోనే పండిన బియ్యం ఉంది, రుచి నచ్చదు, అంతే. 2024 సెప్టెంబరు చివర్లో ఆ నిషేధం ఎత్తేసేదాకా వాళ్ళు ఏం చేసివుంటారో మన వాట్సప్ గుంపుల్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇండియాలో ధరలు పెరక్కుండా చూడడం ప్రభుత్వం పని, అదీ కాదనలేం. బెనిన్‌లో లేమికి ఎంత ఖరీదు రాయాలి, ఫ్రిస్కోలో లేమికి ఎంత రాయాలి, నల్లగొండలో రెండు రూపాయలు పెరిగితే ఎంత రాయాలి? ఏ యంత్రమూ ఈ మూడింటి మధ్య మారకం రేటు చెప్పదు.

లేమికి అనంతమైన ఖరీదు రాసిన మనిషి ఒకావిడ మా ప్రాంతంలోనే ఉండేది. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు, 1841లో పుట్టి 1909లో పోయారు. గోదావరి పాయల మీదుగా వచ్చేపోయే బాటసారులు ఏ వేళకొచ్చినా, ఏ కులమైనా, అన్నం లేదన్న మాట ఆ ఇంట వినలేదని చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. పేపరు కుర్రాడి సూత్రంలో లేమి ఖరీదుని అనంతం చేస్తే వచ్చేది ఇదే: ఎంతమంది వస్తారో తెలియకపోయినా ఎప్పుడూ సిద్ధం. మిగిలితే మిగిలింది.

కానీ ఆ పద్ధతిని ఒక దేశానికి పరిచేస్తే ఏమవుతుందో అమెరికాలో ఉంటున్న మనకి తెలుసు. ఇక్కడి తిండి సరఫరాలో 30 నుంచి 40 శాతం వృథా అవుతోందని వ్యవసాయశాఖే చెబుతుంది. ఆ వృథా వెనక నీళ్ళున్నాయి, నేల ఉంది, ఎండలో వంగి కోసిన మెక్సికన్ కూలీల నడుములున్నాయి. సీతమ్మగారి ఇంట మిగిలిన అన్నం పశువులకైనా వెళ్ళేది. అందుకని మిగులుకి ఖరీదు రాయడం పిసినారితనమని నేననను. మంచి అంచనా వేసే యంత్రం కుళ్ళిపోయే టమాటాలని తగ్గిస్తే అది పుణ్యమే. ఆ పుణ్యంలో నాకూ కొంచెం వాటా ఉందని గర్వం కూడా.

నాకున్న పేచీ ఆ అంకె రాసేది ఎవరన్న దగ్గర. మందులు పంపిణీ చేసే సంస్థ ఒకదానికి మేము కొత్త వ్యవస్థ పెడుతున్నప్పుడు, పాత వ్యవస్థలో అన్ని మందులకీ సర్వీస్ లెవెల్ 95 అని కనిపించింది. అంటే ఇరవైసార్లలో ఒకసారి లేకపోయినా ఫర్వాలేదని అర్థం. ఎవరు నిర్ణయించారని అడిగాం. వ్యాపార విభాగం వాళ్ళు ఐటీ వాళ్ళనడగమన్నారు. ఐటీ వాళ్ళు సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడే అలా ఉందన్నారు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు అది ఉదాహరణకి పెట్టిన అంకె, ఎవరైనా మార్చుకోవచ్చన్నారు. పదకొండేళ్ళుగా ఎవరూ మార్చలేదు. నెమ్మదిగా కదిలే సరుకుకి ఇంకా తక్కువ పెట్టడం మా రంగంలో ఆనవాయితీ. మందుల విషయంలో నెమ్మదిగా కదిలేదంటే అరుదైన రోగానిదన్నమాట. బోయవాడు ఇంటికెళ్ళి నా పాపంలో పాలు పంచుకుంటారా అని అడిగితే పెళ్ళాం బిడ్డలు మాకేం సంబంధం అన్నారట. ఇక్కడ అసలు బోయవాడెవరో కూడా తేలదు.

ఇంతకాలం కనీసం సలహా యంత్రం ఇచ్చేది, సరే అన్న బొత్తాం మనిషి నొక్కేవాడు. పది వేల వరుసలుంటే ఎవరూ చదివి నొక్కరు, నాకు తెలుసు. అయినా ఆ మనిషికి ఒక పేరుండేది. ఇప్పుడొస్తున్న ఏజెంట్లు బొత్తాం కూడా తామే నొక్కుతాయి. సరఫరాదారులతో బేరమాడడానికి వాల్‌మార్ట్ 2021లోనే ఒక సంభాషణ యంత్రాన్ని ప్రయోగించింది. (సుల్తాన్ బజార్‌లో చీరల బేరమాడిన మా పిన్నిని దాని ఎదుట కూర్చోబెట్టి చూడాలని నాకు కోరిక.) పనులు త్వరగా అవుతాయి, నిజం. రేపు ఏదైనా ఊళ్ళో మందు దొరక్క ఒకావిడ తిరిగి వెళితే, ఆ అంకె ఎవరిదమ్మా అని వెతుక్కుంటూ వెళ్ళడానికి మెట్లు ఇంకొక్కటి ఎక్కువవుతుంది.

చిత్రమేమిటంటే, సున్నాకున్న రెండో అర్థాన్ని చదవగలిగే శక్తి ఏ కిరాణా కొట్టాయనకీ లేనంతగా నేటి యంత్రాలకుంది. ఆన్‌లైన్ కొట్లలో ఎవరు ఏం వెతికారో, దొరక్క ఎవరు వెళ్ళిపోయారో ప్రతి నొక్కూ నమోదవుతుంది. మందుల కొట్లో ఏ చీటీ వచ్చింది, ఏది ఇవ్వకుండా వెనక్కి పంపారు అన్నది ఎక్కడో ఒకచోట ఉంటుంది. తెలియదన్న సాకు కిరాణా ఆయనకి లేదు, రేడియోలో వార్తలు విన్న టెంపుల్ తరువాతి తరాలకీ లేదు, మనకి అసలే లేదు. అడగాలి, అంతే.

ఆ మందుల సంస్థలో మేము అడిగాం. కౌంటరు దగ్గర తెరమీద ఒక కొత్త బొత్తాం పెడతాం, అడిగిన మందు లేదని చెప్పినప్పుడల్లా ఒకసారి నొక్కాలి, మూడు సెకన్ల పని. పంపిణీ విభాగం చూసే ఆవిడ మంచి మనిషి, ఒప్పుకుంది. వరసలో జనం నిలబడి ఉంటే మా వాళ్ళు నొక్కగలరో లేదో అని మాత్రం అంది. రెండు కొట్లలో పెట్టారు. మొదటి వారం చాలా నొక్కులు వచ్చాయి. వాటిని బట్టి కొన్ని మందుల అంకెలు మార్చారు, కింద ఆవిడ తన పేరు రాసింది. మూడో వారానికి నొక్కులు తగ్గాయి. గత నెల చూస్తే రెండు కొట్లలోనూ ఆ గడిలో సున్నా ఉంది. మందులన్నీ దొరుకుతున్నాయా, నొక్కేవాళ్ళు అలిసిపోయారా అన్నది ఇక్కడ కూర్చుని చెప్పలేను. సోమవారం ఫోన్ చేసి కనుక్కోవాలి.